అప్రదక్షిణం

శనివారం సాయంత్రం
లేసు గోడౌను మేడ మీద బేళ్ళు గోడవారకి జరిపేస్తాం.
ఎర్రగచ్చు మీద గుప్పెడు పౌడరు చల్లుతాం.
కిటికీలోంచి సఖినేటిపల్లి పంటు హారను,
దాని వెనకే వశిష్ఠ మీది గాలి.

ముప్పై ఏళ్ళు ఓడల్లో వంట చేసొచ్చిన
ఓలేటి దానియేలు గారు
నరసాపురానికి తెచ్చుకున్నవి రెండే:
మోకాలి నొప్పి, టాంగో.

"ఎడమకి తిరగాలండి, అందరూ ఎడమకే" అని
మొదటిరోజు ఆయన చెప్పగానే
మా తోడికోడలు చెప్పులేసుకుంది.
"అప్రదక్షిణం నావల్ల కాదమ్మా."
నేను ఉండిపోయాను.
కుడికి తిరిగి మొక్కిన మొక్కులన్నీ ఏమయ్యాయో
నా దగ్గర లెక్కుంది మరి.

ఇక్కడ చెయ్యి చాచి రమ్మనకూడదు.
గది అవతలి నుంచి చూడాలి.
చూపు కలిస్తే తల నూలుపోగంత వంచాలి.
ఇష్టం లేకపోతే చూపు తిప్పేసుకుంటే చాలు,
ఎవరి పరువూ పోదు.
తిప్పుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్యే.
చూడ్డం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

హార్మోనియానికి ఉబ్బసం వచ్చినట్టుండే ఆ పాటలో
మా వరస కాలవలా నడుస్తుంది.
ముందు పడవని దాటకూడదు,
వెనక పడవని ఆపకూడదు.
లాకుల దగ్గర ఉంటుందే, నీళ్ళు సమానమయ్యేదాకా ఓపిక,
అదే ఇక్కడ మర్యాద.
జనం ఉన్నప్పుడు పాదం నేలని వదలకూడదు.
పాట నడుస్తుండగా పాఠం చెప్పకూడదు.

భీమవరం నుంచి బుల్లెట్టు మీద దిగాడు అభినవ్ వర్మ.
రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం,
హైదరాబాదులో స్టేజీకని నేర్చుకున్న ఆట.
నర్సు సువర్ణమేరీని పట్టుకుని
చెరువులో ఏరేటరు తిప్పినట్టు తిప్పాడు.
నురగే నురగ.
ఆ పిల్ల కాలు వెనక్కి లేచి
మడమ నా పిక్క మీద గీత గీసింది.

నిజం చెప్పాలంటే క్రోషా సూది గుచ్చుకున్నంతే.
అయినా నేను ఆగాను.
వంగి, చీర కుచ్చెళ్ళు పైకెత్తి,
లేని రక్తం కోసం వెతికాను.
నా వెనక మూడు జంటలు ఆగాయి.
పాట ఆగలేదు.
దానియేలు గారు పక్కనే ఉండి
ఒక్క మాటా అనలేదు.

టీ దగ్గర అన్నారు.
"కుర్రాడిది తప్పే, ఆయ్.
కానీ తమరు ప్రతి పాటకీ అర అడుగు ఆలస్యమండి.
రెండేళ్ళుగా వెనకాలవాళ్ళు సర్దుకుంటున్నారు.
ఆ ఖాళీ చూసే వాడు దూరాడు."

టీ చల్లారిపోయింది.
రెండేళ్ళు!
నా అంత పద్ధతైన మనిషి
ఈ మేడ మీద లేదనుకుంటున్నాను నేను.

తర్వాతి పాటకి కుర్చీలోంచే చూశాను.
వర్మ బేళ్ళకి ఆనుకుని
బూటు ముక్కు వంక చూసుకుంటున్నాడు.
తలెత్తేదాకా చూశాను.
ఎత్తాడు. వెనక్కి తిరిగి ఎవర్నోననుకున్నాడు.
తల వంచాను.

పరీక్షకొచ్చినట్టు వచ్చాడు.
చొక్కాకి మేత వాసన, అరచేతిలో చెమట.
పెద్ద పెద్ద అంగలు వేసే కాళ్ళు
రెండు గచ్చు పలకల మధ్య ఇరుక్కుని
ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాయి.
నేనేం చెప్పలేదు.
దారం బిగిస్తే వేలు వదులు చేస్తామే,
అలా ఊపిరి వదులు చేశాను.
అతను చిన్నడుగు వేశాడు.
నేను కాస్త ముందుగా వేశాను.
ఒకసారి బేలుకి గుద్దుకున్నాం,
రెండోసారి గుద్దుకోలేదు.

మూల మలుపు దగ్గర
అతని కాలు లేవబోయింది.
తుమ్ము రాబోయే ముందు తెలిసినట్టు నాకు తెలిసింది.
లేవలేదు.

నా కాలు లేచింది.
ఈ యాభై మూడేళ్ళ కాలు, దానంతటదే,
చీర అంచుతో సహా.

ఎవరికీ తగల్లేదు.
దానియేలు గారు చూశారు.
చూపు తిప్పేసుకున్నారు.